గోడ మీది టైంటేబుల్ పది రోజులకే ఎందుకు చిరుగుతోంది?

ప్రశ్న: మా అమ్మాయి ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ త్రీ (డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతోంది. బడి చదువు, ఇంటర్ సరిహద్దుకు ఇవతల, ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో పూర్తిచేసింది. ఒక నెల బ్యాంకు ఉద్యోగమంటుంది, మరో నెల టీచరునవుతానంటుంది, ఇంకోసారి ఒడిశా ప్రభుత్వోద్యోగం అంటుంది. టైంటేబుల్ రాసి గోడకు అంటిస్తుంది, పది రోజులకు చింపేస్తుంది. ఏం చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి పట్టుదల లేదని నేను అనుకోవడం లేదు. "నాలుగు నుంచి ఆరు వరకు చదువు" అని రాసుకుంటుందే గాని ఏ పరీక్షకో, ఏ పాఠం ఎంతవరకో రాసుకోదు కనుక, పది రోజులు గడిచాక తాను ముందుకు కదిలిందో లేదో ఆమెకే తెలియడం లేదు.

ముందుగా ఆ మూడింటికీ అర్హతలేమిటో ఒక కాగితం మీద రాయించండి. టీచరు కావాలంటే డిగ్రీ తరువాత రెండేళ్ల బి.ఎడ్., ఆపైన టెట్ (టీచరు అర్హత పరీక్ష) ఉంటాయి. అన్నేళ్లు చదివించగలరో లేదో మీరు ఇప్పుడే ఆమెతో దాచకుండా మాట్లాడాలి. ఒడిశా రాష్ట్ర ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం వచ్చి ఉండాలి. ఏడో తరగతిలోగాని ఆపైన గాని ఒడియాను ఒక భాషగా చదివి ఉత్తీర్ణులైనట్టు, లేదా మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పరీక్ష ప్యాసైనట్టు పత్రం చూపాలి. పాతపట్నంలో చదివిన పిల్లలకు బజారులో బేరమాడే ఒడియా వస్తుంది గాని ఈ పత్రం చాలామంది దగ్గర ఉండదు, ఆ సంగతి దరఖాస్తు నింపే రోజున గాని తెలియదు. సరిహద్దులో ఉండే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

బ్యాంకు క్లర్కు పరీక్షకు ఏదైనా డిగ్రీ, 20 నుంచి 28 ఏళ్ల మధ్య వయసు చాలు. దరఖాస్తులో ఏ రాష్ట్రం ఎంచుకుంటే ఆ రాష్ట్ర భాష రావాలి. ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంటే మీ అమ్మాయి తెలుగే ఆమెకు అండ. ఆమె స్థితిలో మొదటి లక్ష్యంగా నేను దీనినే సూచిస్తాను, అయితే నిర్ణయం ఆమెదే కావాలి.

ఇక సాధన సంగతి. బ్యాంకు క్లర్కు పరీక్ష మొదటి దశ అయిన ప్రిలిమ్స్‌లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు: ఇంగ్లీషు 30, లెక్కలు 35, రీజనింగ్ 35, ఒక్కో విభాగానికి 20 నిమిషాలే. ఈ ఆదివారమే, ఏమీ చదవకుండానే, గడియారం పెట్టుకొని ఒక పాత పేపరు రాయమనండి. లెక్కల్లో 35కి తొమ్మిదే వచ్చినా కంగారు పడవద్దు, బయలుదేరిన చోటు తెలిసింది. ఆ తరువాత ఆ వారానికి రాసుకోవలసింది గంటలు కాదు, "శాతాలు, నిష్పత్తులు పూర్తిచేసి, వచ్చే ఆదివారానికి పదమూడు తేవాలి" అన్నంత కచ్చితమైన మాట. తప్పిన ప్రతి లెక్కనూ వేరే నోటుబుక్కులో మళ్లీ చేయాలి. కొత్త పుస్తకాలు కొనడం కంటే ఇదే ఎక్కువ ఫలితమిస్తుందని నా అనుభవం.

మీ వైపునుంచి ఒక్కటే కోరతాను: రోజూ "చదివావా?" అని అడగకండి, ఆదివారం సాయంత్రం "ఈసారి ఏ లెక్కలు తప్పాయి?" అని అడగండి. పన్నెండు ఆదివారాల వరకు లక్ష్యం మార్చే మాట ఎత్తకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. ఆ తరువాత మారుస్తానంటే ఆ పన్నెండు పేపర్లూ ముందు పెట్టుకొని మాట్లాడవచ్చు. గోడమీది కాగితం ఈసారి చించనివ్వకండి, తిప్పి అంటించి, వెనుకవైపు వారం వారం మార్కులు రాయమనండి.