ఎయిమ్ పోయిందంటున్న మేనల్లుడికి

అల్లుడూ,

రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్నే చూశాను. వాలరెంట్ షూటింగ్ గేమ్‌లో డైమండ్ ర్యాంక్ నుంచి దాని కింది ప్లాటినమ్‌కి పడిపోయానని, ఎయిమ్ (గురి) పోయిందని, చెయ్యి మాట వినట్లేదని, ఆట ఇక వదిలేస్తానని రాశావు. ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. నెమ్మదిగా చదువు.

నీ చెయ్యి ఎక్కడికీ పోలేదు. రెండేళ్లు ఆడి సంపాదించిన గురి మూడు వారాల్లో పోదు. ఏదో ఒకటి అడ్డు పడుతోంది. అదేంటో తెలుసుకోకుండా ఎన్ని గంటలు ఆడినా ఆ తప్పే ఇంకా గట్టిపడుతుంది.

ముందు వస్తువులు చూసుకో. 2004లో మేం నెట్ సెంటర్‌లో కౌంటర్ స్ట్రైక్ ఆడేటప్పుడు బాల్ మౌస్‌లు ఉండేవి. గురి తప్పుతోందంటే మౌస్ తిరగేసి, బాల్ బయటికి తీసి, లోపల రోలర్‌కి పట్టిన మట్టిని గోరుతో గీకి, అప్పుడు మళ్లీ కూర్చునేవాళ్లం. ఆ అలవాటు నేను మధ్యలో మర్చిపోయాను. 2021లో ఒక షాపులో సిస్టమ్‌కి విండోస్ మళ్లీ వేయించాను. ఆ రోజు నుంచి ఒక్క గురీ కుదరలేదు. మూడు వారాలు నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి చూస్తే సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చాల్సిన 144 హెర్ట్జ్ మానిటర్ 60 దగ్గర నడుస్తోంది. షాపువాళ్లు ఆ సెట్టింగ్ చూడలేదు, నేనూ చూడలేదు. కాబట్టి ఈ లేఖ పక్కన పెట్టి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ (ఆ హెర్ట్జ్ అంకె) ఎంతుందో చూసి రా.

తర్వాత మౌస్‌ప్యాడ్. బెజవాడలో ఈ ఎండలకి ముంజేయి చెమటతో తడిసి, గుడ్డ ప్యాడ్ కింది సగం బరువెక్కుతుంది. పై సగంలో మౌస్ జారుతుంది, కింద పట్టేస్తుంది. అరచేత్తో రెండుచోట్లా రుద్ది చూడు, తేడా నీకే తెలుస్తుంది. గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ వేసి కడుగు, పిండకుండా నీడలో ఒక రోజంతా ఆరబెట్టు. మౌస్ కింద అతికించిన పాదాలు అరిగిపోయాయేమో కూడా చూడు. అక్క ఈమధ్య నీ కుర్చీ మార్చిందని విన్నాను. టేబుల్‌కి మోచెయ్యి ఇదివరకు ఎంత ఎత్తులో ఉండేదో అంతే ఉండాలి. తక్కువైతే దిండు వేసుకో.

ఇక సెన్సిటివిటీ, అంటే మౌస్ కదిపితే ఆటలో చూపు ఎంత తిరగాలో చెప్పే అంకె. మౌస్‌లో 800 డీపీఐ (అంగుళం కదిలితే అది పంపే లెక్కలు), ఆటలో 0.35 దగ్గర ఏడాదిగా ఆడుతున్నావు. ఈ నెలలో 0.42కి వెళ్లావు, అది నచ్చక 0.28కి దిగావు. లెక్క చెబుతాను విను. 0.35 దగ్గర ఆటలో ఒక పూర్తి చుట్టు తిరగాలంటే మౌస్ సుమారు 47 సెంటీమీటర్లు కదలాలి. 0.42 అయితే 39, 0.28 అయితే 58. ఏడాదిపాటు 47కి అలవాటుపడ్డ చేతిని వారానికో కొలతతో కదలమంటే అది ఏం చేస్తుంది పాపం? 0.35కి తిరిగి వెళ్లు. రెండు నెలలు ఆ అంకె ముట్టుకోకు. పెద్ద ప్లేయర్ సెట్టింగ్ కాపీ కొట్టాలనిపించినా సరే.

అసలు సంగతి నువ్వు పంపిన క్లిప్‌లో ఉంది. నేను దాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూశాను. అసెంట్ మ్యాప్‌లో ఏ మెయిన్ అనే దారి నుంచి సైట్‌లోకి (బాంబు పెట్టే చోటికి) వస్తున్నావు. మూల తిరిగేసరికి నీ క్రాస్‌హెయిర్ (తెర మధ్యలో ఉండే గురి గుర్తు) ఛాతీ ఎత్తులో ఉంది, అదీ గోడకి అంటుకుని. అవతలివాడు కనబడగానే మౌస్ పక్కకి, పైకి, రెండువైపులా లాగాల్సి వచ్చింది. ఆ కంగారులో క్రాస్‌హెయిర్ తల దగ్గరికి చేరకముందే నొక్కేశావు. పైగా అప్పటికింకా నడుస్తూనే ఉన్నావు, కాబట్టి మొదటి బుల్లెట్ ఎటో పోయింది. ఆ తర్వాత భయంతో స్ప్రే, అంటే ఆపకుండా కాల్చడం. దీన్ని ఎయిమ్ పోవడం అనరు. కనబడకముందే గురి సిద్ధంగా లేకపోవడం అంటారు. వాండల్ తుపాకీతో తలకి తగిలితే 160 డ్యామేజ్, పూర్తి షీల్డ్ ఉన్నవాడికి ప్రాణం, షీల్డ్ కలిపి మొత్తం ఉండేది 150. ఎంత దూరంలో ఉన్నా ఒక్క బుల్లెట్ చాలు. అంత బలం చేతిలో పెట్టుకుని తొందరెందుకు?

బాగా ఆడే రోజుల్లో నువ్వు మూల దగ్గర తల ఎక్కడ కనబడుతుందో అక్కడే చూసేవాడివి, చెయ్యి దాని పని అది చేసుకునేది. ఇప్పుడు నీ కళ్లు చేతికి కాపలా కాస్తున్నాయి. తప్పుతుందేమో అని చూస్తుంటే తప్పుతుంది. టైప్ చేసేటప్పుడు వేళ్ల వైపు చూస్తే ఎలా తడబడతాయో అలాగే.

అందుకని ఈ వారం ఇలా చెయ్యి. ర్యాంక్డ్ (ర్యాంక్ పెరిగే, తగ్గే మ్యాచ్‌లు) ముట్టుకోకు. రోజూ రేంజ్‌లో (ఆటలోనే ఉండే సాధన చోటులో) పది నిమిషాలు, స్పీడ్ వద్దు, ఆగి, క్రాస్‌హెయిర్ తల మీదికి చేరిందని తెలిశాకే ఒక్క బుల్లెట్. తర్వాత రెండు డెత్‌మ్యాచ్‌లు (ఎవరికి వారే కాల్చుకునేవి), స్కోరు చూడకుండా. అక్కడ ఒకటే పని: ప్రతి మూలకీ తల ఎత్తులో, గోడకి కాస్త ఎడంగా క్రాస్‌హెయిర్ పట్టుకుని తిరగడం. చచ్చినా ఫర్వాలేదు. స్క్రీన్ రికార్డింగ్ మాత్రం ఆన్‌లో ఉంచు.

ఆ రికార్డింగ్ చూస్తూ ఒక నోట్‌బుక్‌లో ఇరవై చావులు రాయి. ప్రతిదానికీ మూడే ప్రశ్నలు: వాడు కనబడ్డప్పుడు క్రాస్‌హెయిర్ ఎక్కడుంది, నేను ఆగానా, చేరకముందే నొక్కానా. ఇరవైలో ఎక్కువసార్లు ఏది వస్తే వచ్చేవారం దాని మీదే పని. గురి సాధనకి వాడే ఎయిమ్ ట్రైనర్ ప్రోగ్రామ్‌లలో గంటలు గంటలు బంతులు కొట్టడం కంటే నాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది. ఆ ట్రైనర్‌లు చేతికి మంచివే, కానీ మూల దగ్గర ఎలా నిలబడాలో అవి నేర్పవు.

ర్యాంక్డ్‌కి తిరిగి వెళ్లాక, వరసగా రెండు ఓడితే లేచిపో. మూడోది కసితో ఆడతావు, కసితో ఆడినప్పుడు క్లిక్ ఎప్పుడూ ముందే పడుతుంది. నిద్ర గురించి కూడా చెప్పాలి. రెండింటిదాకా ఆడి, ఏడింటికి కాలేజీ బస్సు ఎక్కుతున్నావని అక్క బాధపడుతోంది. పగలు సాధన చేసింది చేతికి పట్టేది నిద్రలోనే. పదకొండున్నరకి సిస్టమ్ ఆపెయ్. మణికట్టు నొప్పిగా ఉంటే ఆ రోజు అసలు ఆడకు, నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకో, దాచుకోకు.

ఆదివారం రాత్రి నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి పంపు. రిఫ్రెష్ రేట్ ఎంత కనబడిందో మాత్రం ఇప్పుడే మెసేజ్ పెట్టు.

నీ మామయ్య