నల్లరాళ్ల ఎడారికి అత్తమ్మావాళ్లని తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మేం అమెరికాలో, బోయ్‌సీలో ఉంటాం. వికారాబాద్ దగ్గరి పల్లె నుంచి మా అత్తమ్మ, మామయ్య వచ్చారు. జులైలో ఎల్లోస్టోన్ వెళ్తూ, దారిలో మా ఇడాహోలోనే ఉన్న ‘క్రేటర్స్ ఆఫ్ ద మూన్’ అనే లావా రాళ్ల పార్కు దగ్గర ఒక పూట ఆగి, పిల్లలతో (బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు) హైకింగ్ చేయాలని నాకు ఆశ. అత్తమ్మకి మోకాళ్ల నొప్పులు. మామయ్య జీవితమంతా పత్తి పండించిన మనిషి, బాగా నడుస్తారు, కానీ చెప్పులు తప్ప బూట్లు వేసుకోరు. మావారేమో నల్లరాళ్లు చూడ్డానికి ఎండలో ఎందుకు అంటున్నారు. ఆగమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా ఆగండి, మీ మామయ్యగారి కోసమైనా ఆగండి. ఆయన ఇన్నేళ్లు దున్నిన నల్లరేగడి ఉంది చూశారూ, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో పొంగి పరుచుకున్న లావా గట్టిపడి బసాల్టు రాయిగా మారి, ఆ రాయి ఎండకీ వానకీ అరిగి అరిగి అయిన మట్టి అది. ఇడాహోలో మీరు చూడబోయేదీ ఆ జాతి రాయే. కాకపోతే అక్కడ లావా ఆఖరిసారి పొంగి 2,000 ఏళ్లే అయింది, ఇంకా మట్టి కాలేదు. ఈ మాట చెప్పి ఆయన చేతిని ఆ రాయి మీద పెట్టించండి. మావారు పోయినేడు అలా చెయ్యి ఆనించి తీసేసరికి అరచేతిలో సన్నగా గీతలు పడ్డాయి, గరుకు కాగితం కూడా అంత గరుకుగా ఉండదు.

అందుకే చెప్పులు మాత్రం వద్దు. ఎంత బతిమాలైనా సరే మందపాటి సోలున్న బూట్లు వేయించండి. ఎండ పైనుంచే కాదు, కింద నుంచి కూడా కొడుతుంది. వేసవిలో ఆ నల్లరాయి పైభాగం 170 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కాలుతుంది, మన లెక్కలో దాదాపు 77 డిగ్రీలు. పాప ఎత్తుకి ఆ సెగ ఇంకా దగ్గర. ముందురోజు రాత్రి దగ్గర్లోని ఆర్కో ఊళ్లో పడుకుని, తెల్లారగానే నడక మొదలుపెట్టి పదిన్నర కల్లా కారెక్కేయండి. నీళ్లు విజిటర్ సెంటర్ దగ్గరే నింపుకోవాలి, దారుల్లో ఎక్కడా దొరకవు. తిండి కూడా మీరే తీసుకెళ్లండి: పులిహోర, కూలర్‌లో ఉప్పేసిన మజ్జిగ ఉంటే చాలు.

లోపల ఏడు మైళ్ల రోడ్డుంది, చూడాల్సినవి చాలావరకు దాని పక్కనే. అత్తమ్మగారికి డెవిల్స్ ఆర్చర్డ్ బాగుంటుంది, అర మైలు చదునైన దారి, మెల్లిగా నడవొచ్చు. ఇన్‌ఫర్నో కోన్ అనే గుట్ట మాత్రం ఆమెకి వద్దు. పైకి పావు మైలు కూడా ఉండదు కానీ నిటారుగా ఉంటుంది, బుగ్గిలాంటి నల్లరాళ్ల మీద దిగేటప్పుడు మోకాళ్లకి కష్టం. మామయ్యగారూ, బాబూ ఎక్కాలి. 1969లో అపోలో వ్యోమగాములు వచ్చి రాళ్ల గురించి నేర్చుకున్నది ఈ ప్రాంతంలోనే అని చెబితే బాబు మీకంటే ముందు పైనుంటాడు.

ఎక్కేటప్పుడు చుట్టూ నేల చూడమనండి. నల్లటి బుగ్గిలో తెల్లటి చిన్న చిన్న మొక్కలు, ఎవరో సాలు పట్టి నాటినట్టు ఎడంగా ఉంటాయి. డ్వార్ఫ్ బక్‌వీట్ అంటారు. బెత్తెడు మొక్కకి మూడడుగుల మేర వేర్లు, చుట్టుపక్కల తడంతా అవే తాగేస్తాయి కాబట్టి పక్కన ఇంకోటి మొలవలేదు. పత్తికి ఎడం ఎంతుండాలో తెలిసిన మనిషికి ఇది చూపించకుండా ఎల్లోస్టోన్‌కి తీసుకెళ్తే నాకు బాధేస్తుంది.

ఒక్క జాగ్రత్త, పిల్లల జేబులు చూసుకోండి. అక్కడి రాయి ఒక్కటి కూడా తేకూడదు.

ఇక గుహలు. ఇండియన్ టన్నెల్ 800 అడుగుల పొడవు, కప్పు అక్కడక్కడా కూలిపోయి వెలుతురు పడుతుంది కాబట్టి పిల్లలు భయపడరు. మెట్లు దిగాక బండల గుట్టల మీద పాకాలి, అందుకని అత్తమ్మగారి దగ్గర ఒకరు బయట ఉండండి. లోపలికి వెళ్లాలంటే విజిటర్ సెంటర్‌లో పర్మిట్ తీసుకోవాలి, ఉచితమే. వేరే గుహల్లోకి ఈ బూట్లు, బట్టలు వేసుకెళ్లారా అని అడుగుతారు. గబ్బిలాలకి వైట్ నోస్ అనే బూజు జబ్బు సోకి లక్షల్లో చచ్చిపోయాయి, ఆ బూజు మన బూట్లకి అంటుకుని ఒక గుహ నుంచి ఇంకో గుహకి చేరుతుంది. మీ అత్తమ్మావాళ్లు బొర్రా గుహలకో బెలూం గుహలకో వేసుకెళ్లినవి ఏమైనా పెట్టెలో ఉంటే, వాటిని బోయ్‌సీలో ఇంట్లోనే వదిలి రండి.