18వ శతాబ్దపు ఇంగ్లిష్ కుమ్మరి జీవితాన్ని పాత రికార్డుల్లో ఎలా వెతకాలి?

బాప్తిస్మం రిజిస్టరుతో మొదలుపెట్టకండి. స్టాఫర్డ్‌షైర్ కుమ్మరి ఊళ్లలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు కోకొల్లలు. బర్స్‌లెంలో థామస్ వెడ్జ్‌వుడ్ కోసం వెతికితే ఎవరు ఎవరో తేల్చడానికే తల ప్రాణం తోకకొస్తుంది. ముందు డబ్బు చేతులు మారిన కాగితం పట్టుకోండి.

తర్వాత పేరుమోసిన కుమ్మరి జొసయా స్పోడ్‌నే తీసుకోండి. ఫెంటన్‌లో మట్టిపాత్రల పని నడిపిన థామస్ వీల్డన్ లెక్కల పుస్తకంలో 1749 ఏప్రిల్ 9న అతన్ని పనిలో పెట్టుకున్న పద్దు ఉంది. మార్టిన్‌మస్ దాకా, అంటే నవంబరు 11 వరకు, వారానికి 2 షిల్లింగుల 3 పెన్నీలు. తగినవాడైతే 2 షిల్లింగుల 6. రెండో ఏడు 2 షిల్లింగుల 9, మూడో ఏడు 3 షిల్లింగుల 3. పదహారేళ్ల కుర్రాడి యజమాని, కూలి, ఏటేటా పెంపు అన్నీ ఆ రెండు మూడు వరుసల్లోనే. కానీ పేరును ‘సయా’ అని కుదించి, ఇంటిపేరులో ఒక అక్షరం ఎక్కువ రాశాడు వీల్డన్. వంశవృక్షాల సైట్లలో ఒకే స్పెల్లింగుతో వెతికితే ఇలాంటి పద్దు తగలకపోవచ్చు. వాటిలో ఒకరి తప్పును వందమంది కాపీ కొట్టి, దాన్నే సాక్ష్యం అంటారు!

తేదీలూ జాగ్రత్త. 1752కి ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. స్పోడ్ పుట్టిన 1733 మార్చి 23 అప్పటి లెక్కలో 1732 కిందికే వస్తుంది. రెండేళ్లూ తిరగెయ్యాలి.

అప్రెంటిస్ పన్ను రిజిస్టర్లు 1710 నుంచి ఉన్నాయి. పని నేర్పినందుకు యజమానికి ముట్టిన రుసుము (ప్రీమియం) మీద 50 పౌండ్ల దాకా పౌండుకు 6 పెన్నీలు, ఆపై షిల్లింగు. ప్రీమియం లేకపోతే పద్దే లేదు. 1744లో మరో పేరుమోసిన కుమ్మరి జొసయా వెడ్జ్‌వుడ్ చేరినట్టు సొంత అన్న దగ్గర చేరినవాళ్లు వాటిలో కనబడకపోతే, పని నేర్చుకోలేదని తీర్మానించకండి.

1754 మార్చి 25 నుంచి పెళ్లి రిజిస్టర్లో వధూవరుల సంతకం గానీ X లాంటి గుర్తు గానీ ఉంటుంది. పేరు కలిసిన ఇద్దరిని విడదీయడానికి సంతకం మంచి ఆధారం. దాన్ని వీలునామా సంతకంతో పోల్చండి. అయితే లండన్‌లోని క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రాబ్ 11 (PROB 11) అనే వీలునామాల వరుసలో ఉన్నవి గుమాస్తాలు ఎక్కించిన నకళ్లు, సంతకం కూడా వాళ్ల చేతిరాతే. అసలు వీలునామా కోసం ప్రాబ్ 10 (PROB 10) వరుస అడగండి. చిన్న కుమ్మరుల వీలునామాలు ఎక్కువగా లిచ్‌ఫీల్డ్ చర్చి కోర్టుకు వెళ్లేవి. లండన్‌లో దొరకలేదని ఆగిపోకుండా ఆ కోర్టు పెట్టెలూ తీయించండి.