బొట్టు పోని నలుపు తెలుపు

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. నువ్వు విజయవాడ నుంచి పంపిన జీలకర్ర బెల్లం ఫోటో నిన్న రాత్రి పెద్ద మానిటర్ మీద పెట్టుకుని చూశాను. మంచి క్షణం పట్టావురా. అడ్డుతెర అప్పుడే దిగింది. అబ్బాయి చెయ్యి అమ్మాయి నెత్తి మీద ఉంది, ఆ పిల్ల కళ్ళెత్తి అతన్ని చూస్తోంది. నలుపు తెలుపులో డ్రమటిక్‌గా ఉంటుందన్నావు, నిజమే. స్టేజీ మీది ఎల్ఈడీ ఊదారంగు ఆమె ఎడమ చెంపను పాడుచేసింది. రంగు తీసేస్తే ముఖం నిలబడుతుంది కూడా. కానీ నువ్వు చేసి పంపిన కాపీ చూశాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

అందులో ఆ పిల్లకి బొట్టు లేదు. కల్యాణ తిలకం ఉండాల్సిన చోట నుదురు నున్నగా ఉంది. ముఖం మెరుస్తోందన్న సంతోషంలో నువ్వు గమనించలేదు.

ఇదే తప్పు నేనూ చేశాను. డిజిటల్‌కి మారిన కొత్తలో ఒక పెళ్ళికూతురి ఫోటోని ఇలాగే చేసి, 12x18 ప్రింటు వేసి, ఫ్రేము కట్టించి వాళ్ళింటికి తీసుకెళ్ళాను. అందరూ బాగుందన్నారు. వాళ్ళ నాయనమ్మ మాత్రం ఫ్రేముని ఒళ్ళో పెట్టుకుని, నుదుటి దగ్గర అద్దాన్ని బొటనవేలితో రుద్దింది. మరకేదో అడ్డొచ్చిందనుకుంది. ఎంత రుద్దినా బొట్టు కనపడలేదు. లేచి లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి, ఆ అద్దం మీదే బొట్టు పెట్టింది. మన ఇళ్ళలో పటం అద్దం మీద బొట్టు పెట్టేది దేవుడికీ, పోయినవాళ్ళకీ. ఆ సంగతి గదిలో అందరికీ ఒకేసారి తట్టినట్టుంది, ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రే కూర్చుని మళ్ళీ చేసి, పొద్దున్నే కొత్త ప్రింటు ఇచ్చి వచ్చాను.

కారణం ఇదీ. ఒంటి రంగులో ఎరుపు పాలు ఎక్కువ, కుంకుమ మొత్తం ఎరుపే. నువ్వు ఫోటోషాప్‌లో బ్లాక్ అండ్ వైట్ లేయర్ వేసి రెడ్ స్లైడర్ పైకి జరిపావు. ముఖంతోపాటు కుంకుమ కూడా తెల్లబడి ముఖంలో కలిసిపోయింది. ఆ స్లైడర్‌ని కిందికి దించు, బొట్టు చిక్కగా పైకి తేలుతుంది, పట్టుచీర కూడా నిండుగా వస్తుంది. ముఖం కాంతిని యెల్లో స్లైడర్‌తో తెచ్చుకో. లైట్‌రూమ్ వాడితే ఇంకా సుఖం, అందులో ఆరెంజ్ విడిగా ఉంటుంది, ఒంటి రంగు చాలావరకు దానికిందే వస్తుంది. అయితే ఎరుపు మరీ దించితే మొటిమల మచ్చలు, కళ్ళ ఎర్రదనం బయటపడతాయి. బొట్టు కనపడగానే ఆగిపో. ఊదారంగు చెంపకి బ్లూ, మెజెంటా స్లైడర్లు కొద్దిగా కదిపితే చాలు. బ్లూలోనే నాయిస్ ఎక్కువ ఉంటుంది, గట్టిగా లాగితే చెంప మీద ఇసుక చల్లినట్టవుతుంది.

రంగంతా ఒక్కసారే పీకేసే డీశాచురేట్ బటన్ జోలికి మాత్రం పోకు. అది శుద్ధమైన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మూడింటినీ ఒకే బూడిదరంగు చేసేస్తుంది. మన పెళ్ళిలో ఉన్నవే ఆ మూడు రంగులు కదరా! కుంకుమ, పసుపు, తమలపాకు ఒకటైపోతే ఇంక ఫోటోలో ఏం మిగులుతుంది?

తర్వాత వెలుగు నీడలు. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్లు కలిసి 1940 ప్రాంతంలో కటిక నలుపు నుంచి కాగితం తెలుపు దాకా 0 నుంచి 10 వరకు 11 మెట్లు కట్టారు. నేను ఇప్పటికీ ఆ లెక్కలోనే ఆలోచిస్తాను. ఈ ఫోటోలో బొట్టు, జడ మూడో మెట్టు మీద ఉండాలి, వెంట్రుకల పాయలు తెలియాలి. ముఖం ఆరు. అబ్బాయి మీది మంగళగిరి కండువా ఎనిమిది, నేత కనపడాలి. జడలో మల్లెలు ముద్దగా తెల్లటి మచ్చలా కాకుండా ఏ పువ్వుకాపువ్వు విడిగా తెలియాలి. పది దాకా వెళ్ళేది నగల మీది మెరుపు మాత్రమే. నలుపు తెలుపుల హద్దులు సరిచేసే లెవెల్స్‌లో ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని చివరి త్రికోణాలు జరిపితే ఎక్కడ వివరం పోతోందో తెరే చూపిస్తుంది.

డ్రామా అంటే నువ్వు కాంట్రాస్ట్ పెంచడమనుకుంటున్నావు. ఈ ఫోటోకి కావాల్సింది ఆ పిల్ల చూపు. వెనక సెల్‌ఫోన్లు ఎత్తిన చుట్టాలు, వీడియో లైటు, థర్మాకోల్ పూలు ఆ చూపుని మింగేస్తున్నాయి. కొత్త లేయర్ తీసి 50 శాతం బూడిదరంగు నింపి, ఆ లేయర్ కింది ఫోటోతో కలిసే పద్ధతిని (బ్లెండ్ మోడ్) సాఫ్ట్ లైట్‌లో పెట్టు. మెత్తటి బ్రష్, ఫ్లో, అంటే రంగు పడే జోరు, 5 శాతం. నల్లరంగుతో వెనకంతా నెమ్మదిగా ముంచుతూ రా, తెల్లరంగుతో కళ్ళు, ముక్కుపుడక ఉన్న వైపు తేల్చు. ఫోటోషాప్‌లో నలుపు చిక్కబరిచే బర్న్ గుర్తు చేతి ఆకారంలో ఎందుకుంటుందో తెలుసా? డార్క్‌రూమ్‌లో మేము నెగటివ్‌ని కాగితం మీద పెద్దగా వేసే ఎన్‌లార్జర్ కింద అరచేతులు అడ్డుపెట్టి, కాగితం మీద కావాల్సిన చోటే వెలుతురు ఎక్కువసేపు పడనిచ్చేవాళ్ళం. చెయ్యి నిలకడగా పెడితే గీత పడుతుందని కదుపుతూనే ఉండేవాళ్ళం. బ్రష్‌కి కూడా అదే పద్ధతి. చుట్టూ గుండ్రంగా నలుపు కొట్టే విన్యెట్ వద్దు. వెలుగు కుడి నుంచి వచ్చింది, చీకటి ఎడమ నుంచి కమ్ముకోవాలి. ముఖం మీద గరుకుతనాన్ని ఎత్తి చూపే క్లారిటీ స్లైడర్ వాడకు, మేకప్ పొడి పగుళ్ళలా కనపడుతుంది. అబ్బాయి చేతి మీద, వేళ్ళ సందుల్లోంచి జారుతున్న జీలకర్ర మీద వాడుకో, అక్కడ అందం.

బొట్టు ఒక్కటీ ఎర్రగా ఉంచి మిగతాది నలుపు తెలుపు చేద్దామని ఎవరైనా అడుగుతారు. నేనైతే చెయ్యను. చూసేవాళ్ళ కన్ను ఆ ఎర్ర చుక్క మీదే ఆగిపోతుంది, పిల్ల ముఖం దాకా వెళ్ళదు.

ఆల్బంలో ఈ ఫోటో రంగులది కూడా తప్పకుండా పెట్టు. హాల్లో తగిలించేది ఏదో ఇంటి పెద్దవాళ్ళని అడిగి ఖాయం చెయ్యి. పెళ్ళిఫోటో నలుపు తెలుపులో గోడకెక్కితే దండేసిన పటం గుర్తొచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళని కష్టపెట్టి మనం సాధించేదేం లేదు.

మానిటర్ వెలుతురు తగ్గించి పని చెయ్యి, లేకపోతే ప్రింటు చీకటిగా వస్తుంది. కలర్ పేపర్ మీద వేసే ల్యాబ్ అయితే నలుపులో పచ్చదనమో, గులాబీ ఛాయో దిగొచ్చు. ముందు చిన్న టెస్ట్ ప్రింటు వేయించు. ఆదివారం అది పట్టుకుని పొద్దున్నే బయల్దేరి రా, మన వరండాలో ఎండ వెలుతురులో ఇద్దరం చూద్దాం. అత్తయ్య పెసరట్టు వేస్తానంటోంది.

ఇట్లు,
మీ మామయ్య
బ్రాడీపేట, గుంటూరు