విండోస్ పక్కన ఉబుంటు: ఇన్‌స్టాల్ చేసే ముందురోజు సాయంత్రమే అసలు పని

మీరు అడిగింది ఇదీ: విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్. ఇంజనీరింగ్ రెండో ఏడాది ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబు కోసం ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) కావాలి. అదే ల్యాప్‌టాప్‌లో మీ నాన్నగారి దుకాణం లెక్కలు ట్యాలీలో ఉన్నాయి. రెండూ ఒకే యంత్రంలో ఇముడుతాయా, ఇమిడితే దేనికి ముప్పు, అని మీ భయం.

ఇముడుతాయి. నేను 2013 నుంచి అలాగే నెట్టుకొస్తున్నాను. నాది డీటీపీ పని. పుస్తకాలు, శుభలేఖలు, పంచాంగాలు కూరుస్తాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు విండోస్‌లోనే నడుస్తాయి కనుక దాన్ని వదిలే వీలు లేదు. మిగతా పనులన్నీ లినక్స్‌లోనే. అయితే మొదటిసారి దీన్ని ఎలా నాశనం చేసుకున్నానో ముందు చెప్పాలి. మీ భయంలో సగం న్యాయమైనదే.

2013 ఫిబ్రవరి. ఉగాదికి రెండు నెలలు కూడా లేదు. విజయ నామ సంవత్సర పంచాంగం కూర్పు దాదాపు పూర్తయింది. ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి. అప్పటి నా కంప్యూటర్‌లో విండోస్ 7. డి డ్రైవ్‌ను కొంత కుదించి 40 జీబీ ఖాళీ చేసి ఉబుంటు సీడీ పెట్టాను. ఆ ఖాళీ జాగా ఎదురుగా కనిపిస్తోంది కానీ పక్కనే అది వాడటానికి పనికిరాదని రాసి ఉంది. కారణం ఆ తరువాత తెలిసింది. డిస్కును పంచే పాత ఎంబీఆర్ పద్ధతిలో ఒక డిస్కుకు నాలుగే ప్రైమరీ పార్టిషన్లు, అంటే ప్రధాన వాటాలు, ఉండగలవు. నా డిస్కులో విండోస్ వాళ్లవి, కంప్యూటర్ తయారీదారువి కలిపి ఆ నాలుగూ అప్పటికే నిండిపోయాయి. ఐదోదానికి చోటు ఉన్నా లెక్కలో ఖాతా లేదు. రాత్రి పదకొండు దాటింది, విసుగెత్తింది. వెనక్కి వెళ్లి ఎరేజ్ డిస్క్ అన్నది నొక్కాను. ఖాళీ జాగాను మాత్రమే తుడుస్తుందని నా ఊహ. అది డిస్కు మొత్తం తుడిచింది.

మరునాడు ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్‌తో వెతికితే ఇంట్లోవాళ్ల ఫోటోలు చాలావరకు తిరిగివచ్చాయి, పేర్లు మాత్రం పోయాయి. ప్రతి ఫైలుకూ ఎఫ్ అనే అక్షరం, దాని వెనుక అంకెల తోక. పేజ్‌మేకర్ ఫైళ్లలో ఒక్కటీ తెరుచుకోలేదు. సిద్ధాంతిగారు ఎర్ర సిరాతో దిద్ది పంపిన ప్రూఫు కాగితాలు బల్ల సొరుగులో ఉండబట్టి బతికాను. తిథులు, నక్షత్రాలు, వర్జ్యాల ఘడియలు, విఘడియలు మొదటి నుంచి కొట్టుకుంటూ పదకొండు రాత్రులు కూర్చున్నాను. సిద్ధాంతిగారికి ఇప్పటికీ ఈ సంగతి తెలియదు.

అందుకే నా మాట ఇది: ఉబుంటు ఎక్కించడం ఇరవై నిమిషాల పని, దానికి భయపడనక్కర లేదు. భయపడవలసినది దానికి ముందు విండోస్‌లో చేయకుండా వదిలేసిన పనులకు.

ఇంకో మాట. మీకు నిజంగా రెండు వ్యవస్థలు కావాలా? ల్యాబులో చేసేది ఫోర్క్, పైప్, సెమఫోర్, షెల్ స్క్రిప్టులు మాత్రమే అయితే విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ చాలు. పార్టిషన్ ముట్టుకునే పని లేదు, నాన్నగారి లెక్కల జోలికి పోనక్కర లేదు. వర్చువల్ మెషీన్, అంటే విండోస్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి పెట్టి అందులో ఉబుంటు నడపడం, 8 జీబీ ర్యామ్‌లో సాగుతుంది కానీ ఉన్న ర్యామ్‌ను విండోస్‌కు, ఉబుంటుకు పంచేసరికి ఇద్దరూ అర్ధాకలితో ఉంటారు. కెర్నెల్ (వ్యవస్థ గుండెకాయ) మాడ్యూళ్లు రాయాలన్నా, లినక్స్‌నే రోజువారీ ఇల్లుగా చేసుకోవాలన్నా మాత్రం రెండో వ్యవస్థ విడిగా పెట్టుకోవడమే సుఖం. మీ ల్యాప్‌టాప్‌లో రెండో ఎస్‌ఎస్‌డీకి ఖాళీ స్లాటు ఉంటే అన్నిటికన్నా అదే మేలు. విండోస్ డిస్కును అసలు తాకకుండా పని జరిగిపోతుంది. అది లేదనుకుని మిగతాది రాస్తున్నాను.

మొదట బ్యాకప్. "డి డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంది కదా" అనేవాళ్లను చూస్తే నాకు 2013 గుర్తొస్తుంది. సి, డి రెండూ ఒకే డిస్కు మీద గీసిన గీతలు. డిస్కు పోతే రెండూ పోతాయి. ట్యాలీ డేటా ఫోల్డరును వేరే హార్డ్ డిస్కులోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసి, దాన్ని ఇంకొక కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. తేదీ కూడా చూసుకోండి. నాన్నగారు నెలనెలా జీఎస్‌టీ రిటర్ను వేసేవారైతే 20వ తేదీ దగ్గర పడుతున్నప్పుడు ఈ ముచ్చట పెట్టుకోకండి.

రెండోది, ఎక్కువమంది బోల్తా పడేది, డిస్కు ఎన్‌క్రిప్షన్, అంటే డిస్కులో ఉన్నదానికి రహస్య తాళం వేయడం. విండోస్ 11తో వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో అది మీకు చెప్పకుండానే పనిచేస్తుంటుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉందేమో చూడండి. ప్రో ఎడిషన్ అయితే బిట్‌లాకర్ అనే పేరుతో ఉంటుంది. అది నడుస్తుండగా బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు లేచే ప్రోగ్రామ్) ఏదైనా మార్చారంటే తరువాతిసారి విండోస్ తెరుచుకోకుండా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు.

మా మేనల్లుడికి అదే జరిగింది. నీలం తెర ముందు ఇద్దరం కూర్చున్నాం. కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుందని తెలుసు. ఏ ఖాతాలో? వాడి ఈమెయిలుతో చూస్తే అక్కడ ఏమీ లేదు. చివరికి తేలిందేమిటంటే, ల్యాప్‌టాప్ కొన్నరోజున దుకాణంలోని కుర్రవాడే పెట్టె విప్పి, తనకు తోచిన ఒక ఈమెయిలు సృష్టించి మొదటిసారి ఆన్ చేసి ఇచ్చాడు. ఆ కుర్రవాడు ఈ మధ్య పని మానేశాడు. రెండు రోజులు ఫోన్లు చేసి పట్టుకుంటే, పాస్‌వర్డు తన పాత డైరీలో రాసి ఉందన్నాడు. దేవుడున్నాడు. మీరు మాత్రం ముందే మీ ఖాతాలోకి వెళ్లి ఆ 48 అంకెలూ కాగితం మీద రాసుకోండి, తరువాత ఎన్‌క్రిప్షన్‌ను పూర్తిగా ఆపేయండి. డిస్కు నిండుగా ఉంటే విడిపించడానికి చాలాసేపు పడుతుంది. ఛార్జర్ పెట్టి వదిలేయండి. అది పూర్తికాకుండా తరువాతి మెట్టు ఎక్కవద్దు.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 కాలం నుంచీ షట్‌డౌన్ నొక్కితే విండోస్ నిజంగా పడుకోదు, కునుకు తీస్తుంది. కెర్నెల్ స్థితిని డిస్కు మీద రాసి పెట్టుకుంటుంది, మళ్లీ తొందరగా లేవడానికి. లినక్స్ నుంచి చూస్తే ఆ డ్రైవ్ ఇంకా ఎవరో వాడుతున్నట్టే ఉంటుంది. చదవనిస్తుంది కానీ రాయనివ్వదు, ఒక్కోసారి అసలు తెరవనివ్వదు. బలవంతంగా రాస్తే విండోస్ లేచాక దాని లెక్క, డిస్కు లెక్క కలవవు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, పవర్ బటన్లు ఏమి చేయాలో ఎంచుకునే చోట ఆ టిక్కు తీసేయండి.

ఇక చోటు. కుదించే పని తప్పకుండా విండోస్ వారి డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయించండి. తన సామాను ఎక్కడుందో దానికే బాగా తెలుసు. ఇక్కడ ఒక చికాకు ఎదురవుతుంది. సి డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉన్నా 9 జీబీ కన్నా ఎక్కువ ఇవ్వనని మొండికేస్తుంది. నాకు సరిగ్గా అంతే ఇచ్చింది. కదపకూడని ఫైళ్లు కొన్ని, హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, సిస్టమ్ రిస్టోర్ సామగ్రి, డ్రైవ్ మధ్యలో కూర్చుని ఉంటాయి. నిండుగా ఉన్న గదిలో రోకలి అడ్డంగా పడుకోబెట్టినట్టు. ఆ మూడింటినీ తాత్కాలికంగా ఆపి, ఒకసారి రీస్టార్ట్ చేసి అడిగితే దారికొచ్చింది. ఎంత తీయాలి అంటే, ఉబుంటు తనకు 25 జీబీ చాలంటుంది. ఆ మాట నమ్మి అంతే ఇస్తే ఆరు నెలల్లో ఊపిరాడదు. 80 జీబీ ఇవ్వండి. తీసిన చోటును ఫార్మాట్ చేయకుండా, పేరు పెట్టకుండా, ఖాళీగానే వదిలేయండి.

ఇంతవరకు ఒక సాయంత్రం పడుతుంది. మరునాడు 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో అందులోకి ఉబుంటు 24.04 ఎక్కించండి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఈ ఎల్‌టీఎస్‌కు (దీర్ఘకాల మద్దతు ఉండే విడుదల) ఐదేళ్ల మద్దతు ఉంది, మీ చదువు పూర్తయ్యేదాకా సరిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయని వేరే చెప్పనక్కర లేదనుకుంటాను. ఆన్ చేయగానే దేని నుంచి తెరవాలో అడిగే బూట్ మెనూ కోసం కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్12, కొన్నిటిలో ఎఫ్9, కొన్నిటిలో ఎస్కేప్ నొక్కాలి. వెంటనే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీదే కాసేపు నడిపి వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. సంతకం ఉన్న వ్యవస్థలనే తెరవనిచ్చే కాపలా, సెక్యూర్ బూట్, ఆపమని చాలామంది సలహా ఇస్తారు. ఉబుంటుకు ఆ అవసరం లేదు.

ఇన్‌స్టాలర్‌కు మీ ఎస్‌ఎస్‌డీ కనిపించకపోతే కంగారు పడకండి. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో బయోస్ డిస్కును ఆర్‌ఎస్‌టీ అనే పద్ధతిలో నడుపుతుంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. కానీ ఉన్నపళాన మార్చితే విండోస్ నీలం తెరతో కూలబడుతుంది. ముందు విండోస్‌లో సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా పెట్టి, అప్పుడు బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరవనిచ్చి, తరువాత మామూలుగా పెట్టుకోవాలి.

ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలని అడిగే తెర వచ్చినప్పుడు పేర్లు కాదు, సైజులు చదవండి. ఎన్‌వీఎంఈ అని మొదలయ్యేది మీ ఎస్‌ఎస్‌డీ, ఎస్‌డీఏ అన్నది బహుశా మీ పెన్‌డ్రైవ్. ఎస్‌ఎస్‌డీలో 100 ఎంబీ చుట్టుపక్కల ఉండే చిన్న ఫ్యాట్32 ముక్క ఒకటి కనిపిస్తుంది. అదే ఈఎఫ్ఐ పార్టిషన్. రెండు వాటాల ఇంటికి ఒకే వీధి గుమ్మం లాంటిది. విండోస్ బూట్ ఫైళ్లు ఒక ఫోల్డరులో, ఉబుంటువి ఇంకో ఫోల్డరులో, పక్కపక్కన అందులోనే ఉంటాయి. దాన్ని వాడుకోనివ్వండి, ఫార్మాట్ టిక్కు మాత్రం పెట్టకండి. విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేసే ఎంపిక కనిపిస్తే అదే తీసుకోండి. కనిపించకపోతే మాన్యువల్‌లోకి వెళ్లి మీ 80 జీబీ ఖాళీ ముక్కలో ఎక్స్‌టీ4 (లినక్స్ వాడే ఫార్మాట్) పార్టిషన్ చేసి, మౌంట్ పాయింట్ అని అడిగే చోట ఏటవాలు గీత (/) ఒక్కటే ఇవ్వండి. చివరి బటన్ నొక్కే ముందు అది చూపే మార్పుల జాబితాను పైకి చదవండి. నేను ఇప్పటికీ పైకే చదువుతాను, మా ఇంట్లో నవ్వుతారు.

ఎన్‌విడియా కార్డు ఉంటే ఇంకో మలుపు. డ్రైవర్ కోసం ఒక పాస్‌వర్డు పెట్టుకోమంటుంది. రీస్టార్ట్ అయినప్పుడు నీలం తెర మీద ఎంఓకే అని ఒక మెనూ వస్తుంది, కొద్ది సెకన్లే ఉంటుంది. అది వైరస్ కాదు. అక్కడ ఎన్‌రోల్ అన్నది ఎంచుకుని ఆ పాస్‌వర్డు ఇవ్వాలి. కంటిన్యూ నొక్కి వదిలేస్తే డ్రైవర్ ఎక్కదు, తరువాత రోజంతా తల పట్టుకుంటారు.

అన్నీ బాగా జరిగాక మీకు ఒక వింత కనిపిస్తుంది. ఉబుంటు వాడి మళ్లీ విండోస్‌లోకి వస్తారు. గోడ గడియారంలో రాత్రి 9:10, విండోస్ మూలన మధ్యాహ్నం 3:40. సరిగ్గా ఐదున్నర గంటల తేడా. మన దేశపు కాలం గ్రీనిచ్ కన్నా అంతే ముందుంది కదా. మదర్‌బోర్డు మీది గడియారంలో లినక్స్ గ్రీనిచ్ కాలాన్ని ఉంచుతుంది, విండోస్ మాత్రం అదే స్థానిక కాలం అనుకుని చదువుతుంది. బ్యాటరీ పోయిందని మదర్‌బోర్డు మార్పించబోయిన మిత్రుడొకడు నాకున్నాడు. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశంతో హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక కాలంలో ఉంచమని చెబితే గొడవ తీరుతుంది. బ్యాకప్ ఫైళ్ల మీద తేదీలు తారుమారు కాకుండా నాన్నగారు మొదటిసారి ట్యాలీ తెరిచే ముందే ఈ పని చేయండి.

ఆరంభ మెనూలో ఉబుంటు మొదట ఉంటుంది, కాసేపు ఏమీ నొక్కకపోతే అదే తెరుచుకుంటుంది. మీ ఇంట్లో దీన్ని మార్చి విండోస్‌ను మొదట పెట్టండి. నాన్నగారు నల్ల తెర చూసి మీకు ఫోన్ చేసే బాధ తప్పుతుంది. విండోస్ అప్‌డేట్ తరువాత ఎప్పుడైనా ఉబుంటు మాయమైతే అది పోయినట్టు కాదు, బయోస్‌లో వరుస మారి ఉంటుంది. అక్కడికి వెళ్లి ఉబుంటును మళ్లీ పైకి జరపండి. 2024 ఆగస్టులో మాత్రం ఒక విండోస్ భద్రతా అప్‌డేట్ వల్ల చాలామందికి లినక్స్ నిజంగానే తెరుచుకోలేదు. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి లినక్స్‌ను అప్‌డేట్ చేసుకోవలసి వచ్చింది.

చదువయ్యాక ఉబుంటు తీసేయాలనిపిస్తే, విండోస్‌లోంచి ఆ పార్టిషన్‌ను నేరుగా చెరిపేయకండి. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి వరుసకు తెచ్చి, అది తెరుచుకుంటోందని చూసుకుని, అప్పుడు చెరపండి. లేకపోతే గ్రబ్ (ఆ ఆరంభ మెనూ చూపే ప్రోగ్రామ్) అనే మాట, పక్కన మిణుకుమనే కర్సర్ మిగులుతాయి. అప్పుడూ బయోస్‌లో వరుస మార్చితే సరిపోతుంది కానీ, ఆ తెర చూసిన నాన్నగారికి అది వివరించడం కష్టం.

ఎన్‌క్రిప్షన్ ఆపి, చోటు కుదించాక డిస్క్ మేనేజ్‌మెంట్ తెరను ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ ముక్క ఏమిటో, దేన్ని ముట్టకూడదో చూసి చెబుతాను. అప్పటిదాకా పెన్‌డ్రైవ్ పెట్టకండి.