మీ ప్రశ్నలు – మా సమాధానాలు: నూరు కుర్చీల సంగీతశాల

అమెరికాలో స్థిరపడిన మన పాఠకులు తమ ఊళ్లలోని చిన్న సంగీతశాలల గురించి, అక్కడ జరిగే ఫోక్, అమెరికానా కచేరీల గురించి కొన్ని నెలలుగా ఉత్తరాలు రాస్తున్నారు. వాటిలో ఐదింటిని ఈసారి ఎంచుకున్నాను. అటువంటి ఒక శాలలో పదేళ్లుగా శనివారం సాయంత్రాలు కుర్చీలు వేస్తూ, తలుపు దగ్గర టికెట్లు చూస్తూ, పాటలు వింటూ గడిపినదాన్ని కాబట్టి ఈ సమాధానాల్లో చదివినదానితో పాటు కళ్లారా చూసినదీ ఉంటుంది.

ప్రశ్న: మా పక్కింటి పెద్దాయన పిలిస్తే ఒక ఫోక్ కచేరీకి వెళ్లాను. ఫోక్ అంటే జానపదమే కదా అనుకున్నాను. పాడినామె మాత్రం తాను నిరుడు రాసుకున్న పాటలే పాడింది. బయట బోర్డు మీద అమెరికానా అని కూడా ఉంది. ఈ రెంటికీ తేడా ఏమిటి? — ఒక పాఠకుడు, న్యూజెర్సీ

సమాధానం: జానపదం అనగానే ఎవరు కట్టారో తెలియని, నోటి నుంచి నోటికి వచ్చిన పాట మన మనసులో మెదులుతుంది. అమెరికాలోనూ ఈ కథ అక్కడే మొదలవుతుంది. 1927లో రాల్ఫ్ పీర్ అనే రికార్డింగు నిర్మాత టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దున ఉన్న బ్రిస్టల్ పట్టణానికి వచ్చి చుట్టుపక్కల కొండ ప్రాంతాల గాయకులను రికార్డు చేసినప్పుడు కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ మొదటిసారి లోకానికి వినిపించారు. ఆ కార్టర్ కుటుంబపు పెద్ద ఏ.పీ. కార్టర్ తరువాతి కాలంలో పాటల కోసం ఊరూరా తిరిగినప్పుడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు వాద్యకారుడు ఆయన వెంట ఉండేవాడు. కార్టర్ మాటలు రాసుకుంటే, రిడిల్ వరుసను గుర్తుపెట్టుకునేవాడు. అమెరికా జానపదం తెల్లవారి కొండపాట మాత్రమేనని ఎవరైనా అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ ఇద్దరి ప్రయాణమే. ఆ సంగీతానికి ప్రాణమనిపించే బాంజో కూడా బానిసలుగా తేబడిన ఆఫ్రికన్ల చేతుల్లో ఈ నేలకు చేరిన వాద్యమే.

ఆ తరువాత వుడీ గత్రీ వంటివారు పాత వరుసలకు, ముఖ్యంగా కార్టర్ కుటుంబం పాడిన వరుసలకు, తమ కాలపు కష్టాలను మాటలుగా కట్టి పాడారు. అందువల్ల 1950ల చివరికి, 1960లకు వచ్చేసరికి ఫోక్ అనే మాట పాత పాటతో పాటు, ఆ ఒరవడిలో తానే రాసి, గిటారు ఒక్కటే తోడుగా పాడేవారి పాటకు కూడా వర్తించింది. మీరు విన్న గాయని ఈ రెండో కోవకు చెందినవారు.

అమెరికానా అన్నది సంగీతం కన్నా చిన్న వయసున్న పేరు. ఫోక్, కంట్రీ, బ్లూస్, బ్లూగ్రాస్, గాస్పెల్, పాత రాక్ కలగలిసి, ఏ ఒక్క అరలోనూ ఇమడని పాటలకు 1990లలో రేడియోవారు ఈ పేరు వాడుకలోకి తెచ్చారు. 1999లో అమెరికానా మ్యూజిక్ అసోసియేషన్ ఏర్పడింది, 2010 గ్రామీ వేడుకలో ఈ పేరుతో ఆల్బమ్ బహుమతి మొదలైంది, 2011లో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు ఈ అర్థాన్ని చేర్చుకుంది. బోర్డు మీద అమెరికానా అని ఉంటే గిటారుతో పాటు డ్రమ్సు, విద్యుత్ గిటారు కూడా ఉండే అవకాశం ఎక్కువ అన్నంత వరకే ఆ మాటను పట్టించుకుంటే చాలునని నా అభిప్రాయం.

ప్రశ్న: కచేరీ మధ్యలో నా భార్యతో రెండు మాటలు మాట్లాడితే వెనుకనుంచి ఎవరో సున్నితంగానే అయినా వారించారు. కాఫీ, బీరు అమ్మే చోట ఇంత మౌనం ఎందుకు? ఏడేళ్ల మా పాపను తీసుకువెళ్లవచ్చా? — ఒక పాఠకుడు, నార్త్ కరోలినా

సమాధానం: మీరు వెళ్లినది బహుశా లిజనింగ్ రూమ్ అని పిలిచే కోవకు చెందిన శాల. కాఫీ అమ్మినా, బీరు అమ్మినా, అక్కడికి వచ్చేది వినడానికే. నాష్‌విల్‌లో 1982లో మొదలైన బ్లూబర్డ్ కెఫేలో కుర్చీలు తొంభై మాత్రమే. పాట నడుస్తున్నప్పుడు మాట్లాడవద్దన్న కట్టుబాటుకు ఆ చోటు పేరు పొందింది. 1985 నుంచి అక్కడ నలుగురు పాటల రచయితలు గది నడుమ ఒకరికొకరు ఎదురుగా కూర్చుని, వంతులవారీగా తమ పాటలు పాడుతూ, అవి ఎలా పుట్టాయో చెబుతున్నారు. చుట్టూ బల్లల దగ్గర ఉన్నవారికి గాయకుడి ఊపిరి కూడా వినిపించేటంత దగ్గర అది. ఆ దూరంలో రెండు మాటలు కూడా పెద్దవే. ఒకసారి మా శాలలో మైకు వ్యవస్థ పూర్తిగా ఆగిపోతే, పాడుతున్న ఆమె గిటారు తీసుకుని వేదిక దిగి మొదటి వరుస ముందు నిలబడి మిగిలిన గంటసేపూ మైకు లేకుండా పాడారు. వెనుక వరుసవారు ముందుకు వంగి కూర్చున్నారు తప్ప ఒక్కరూ లేచి వెళ్లలేదు.

అయితే ఈ మౌనం చివరి వరకూ ఉండదు. పల్లవి దగ్గర గాయకులు చేయి చాపి మిమ్మల్ని పిలుస్తారు, అప్పుడు అందరూ వంత పాడాలి, పాడకపోతే వారు చిన్నబుచ్చుకుంటారు. ఫోక్ గాయకుడు పీట్ సీగర్ జీవితమంతా చేసిన పని ఇదే: ఒక చరణం ముందుగా పలికి, శ్రోతల చేత ఆ చరణాన్ని పాడించడం. ఫోన్‌తో చిత్రీకరించే ముందు అనుమతి అడగండి, ఎందుకంటే ఇంకా రికార్డు కాని కొత్త పాటలను ఇటువంటి చోటనే మొదట పాడి చూసుకుంటారు.

పాపను నిస్సందేహంగా తీసుకువెళ్లండి. నడవ పక్క కుర్చీలో కూర్చోండి, విసుగు పుడితే పాట ముగిశాక చప్పట్ల మధ్య బయటకు నడవవచ్చు. వర్జీనియాలోని హిల్టన్స్ దగ్గర, ఏ.పీ. కార్టర్ కుమార్తె జానెట్ కార్టర్ 1974లో మొదలుపెట్టిన కార్టర్ ఫ్యామిలీ ఫోల్డ్‌కు ఒక శనివారం వెళ్లగలిగితే ఇంకా మంచిది. అక్కడ మద్యం ఉండదు, వేదిక ముందు చెక్క నేల మీద తాతలు, మనవలు కలిసి నాట్యం చేస్తారు, పిల్లలు కదలకుండా కూర్చోవాలని ఎవరూ అనరు.

ప్రశ్న: టికెట్ 25 డాలర్లు పెట్టి కొన్నాక విరామంలో మళ్లీ విరాళం బకెట్ తిప్పారు. ఇది న్యాయమేనా? ఈ డబ్బు ఎటు పోతుంది? — ఒక పాఠకురాలు, మిషిగన్

సమాధానం: మీ కోపం నాకు అర్థమవుతుంది, కానీ లెక్క ఒకసారి వేసి చూద్దాం. నూరు కుర్చీల శాలలో ఎనభై మంది వచ్చారనుకుందాం. 25 డాలర్ల చొప్పున 2,000 డాలర్లు. అందులో నూటికి డెబ్బై గాయకులకు ఇచ్చే ఒప్పందం ఉంటే వారికి 1,400. వేదిక మీద ముగ్గురుంటే తలా 470 డాలర్లు కూడా రావు, అందులోనే పెట్రోలు, బస, భోజనం, మధ్యలో కచేరీ లేని రోజుల ఖర్చు అన్నీ వెళ్లాలి. శాలకు మిగిలిన 600తో అద్దె, విద్యుత్తు, బీమా, ధ్వని నియంత్రించే సాంకేతిక నిపుణుడి వేతనం కట్టాలి. వీటికి తోడు చాలామందికి తెలియని ఖర్చు ఒకటి ఉంది. వేదిక మీద పాడే పాటల రచయితలకు చేరవలసిన రుసుమును 1914లో ఏర్పడిన ఆస్క్యాప్, 1939లో ఏర్పడిన బీఎంఐ వంటి సంస్థలు శాలల నుంచి లైసెన్సు రూపంలో వసూలు చేస్తాయి. పాట రాసినవారికి దక్కవలసిన సొమ్ము కాబట్టి ఆ ఖర్చును నేను తప్పుపట్టను.

కుర్చీలు వేసేవారు, టికెట్లు చూసేవారు, టీ కాచేవారు దాదాపు అందరూ వాలంటీర్లు. అయినా టికెట్ల మీదనే బతికిన చిన్న శాలలు అరుదు. మీ రాష్ట్రంలోనే ఆన్ ఆర్బర్‌లో 1965లో చర్చిల చొరవతో మొదలైన ది ఆర్క్ లాభాపేక్ష లేని సంస్థ. దానికి నిధుల కోసమే 1977 నుంచి ఆన్ ఆర్బర్ ఫోక్ ఫెస్టివల్ నడుపుతున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని సరటోగా స్ప్రింగ్స్‌లో లీనా స్పెన్సర్ దంపతులు 1960లో తెరిచిన కెఫే లీనా సంగతి ఇంకా చెప్పదగినది. ఇంకా పేరు రాని బాబ్ డిలన్ 1961లో అక్కడ పాడాడు. భర్త విడిచి వెళ్లినా, అప్పులు చుట్టుముట్టినా ఆమె మేడమీది ఆ గదిని మూయలేదు. 1989లో ఆమె మరణించిన తరువాత ఆ శాలను ప్రేమించినవారు దానిని లాభాపేక్ష లేని సంస్థగా నిలబెట్టారు. బర్కిలీలో 1968లో ఒక పాత సామాన్ల దుకాణంలో, ఆ దుకాణం పేరునే ఉంచుకుని, 87 కుర్చీలతో మొదలైన ఫ్రైట్ అండ్ సాల్వేజ్ ఈనాడు సొంత భవనంలో ఉన్నదంటే దాని వెనుక ఉన్నది కూడా సభ్యుల చందాలే.

ఒక చిన్న విషయం గుర్తుంచుకోండి. శాల 501(సి)(3) సంస్థ, అంటే పన్ను చట్టం గుర్తించిన లాభాపేక్ష లేని సంస్థ, అయితే మీరు విడిగా ఇచ్చే విరాళానికి పన్ను మినహాయింపు కోరవచ్చు, టికెట్ ధరకు మాత్రం కోరరాదు. బకెట్‌లో వేయడం ఇష్టం లేకపోతే విరామంలో గాయకుడి బల్ల దగ్గర ఒక సీడీ కొనండి, అది సాధారణంగా నేరుగా ఆయన చేతికే చేరుతుంది.

ప్రశ్న: మా అమ్మగారికి ఇంగ్లిష్ పాట అర్థం కాదు. తీసుకువెళితే విసుగు చెందుతారా? — ఒక పాఠకుడు, టెక్సస్

సమాధానం: మాటలే ప్రధానమైన గాయకుల కచేరీకి మొదట తీసుకువెళ్లకండి. ఫిడేలు, మాండలిన్, బాంజో ఉన్న బ్లూగ్రాస్ బృందాన్ని ఎంచుకోండి, వాద్యాల సంభాషణకు భాష అక్కర్లేదు. ముందు వరుసలో కూర్చోబెట్టండి. పాటకు ముందు గాయకుడు చెప్పే కథను ఆమె చెవిలో కాకుండా, విరామంలో చెప్పండి.

ప్రశ్న: నాకు అరవై రెండేళ్లు. చిన్నతనంలో పన్నెండేళ్లు కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుని, పెళ్లయ్యాక వదిలేశాను. మా ఊరి సంగీతశాలలో ఆదివారం మధ్యాహ్నం జామ్ జరుగుతుంది, ఎవరైనా వాయించవచ్చట. నేను వెళ్లడం సాహసమా? — ఒక పాఠకురాలు, ఒహాయో

సమాధానం: అమ్మా, ఈ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివాను. ముందుగా ఎలిజబెత్ కాటన్ గారి సంగతి చెప్పనివ్వండి. నార్త్ కరోలినాలో పుట్టిన ఈ నల్లజాతి స్త్రీ బాల్యంలోనే గిటారు నేర్చి, సంసారం, ఇళ్లలో పని మధ్య దశాబ్దాల పాటు దానిని పక్కన పెట్టేశారు. పైన చెప్పిన పీట్ సీగర్ తండ్రి కుటుంబంలో పనికి కుదిరాక ఆ ఇంటి గోడకు వేలాడుతున్న గిటారును మళ్లీ చేతికి తీసుకున్నారు. ఎడమచేతివాటం కాబట్టి గిటారును తలకిందులుగా పట్టి, బొటనవేలితో వరుసను, మిగిలిన వేళ్లతో మంద్ర స్వరాలను పలికించేవారు. అరవై దాటిన ఆమె మొదటి ఆల్బమ్ 1958లో వచ్చింది, 1985లో గ్రామీ అందుకున్నారు.

ఇక వయొలిన్ విషయం. ఫిడేలు మరో వాద్యం కాదు, మీ పెట్టెలో ఉన్నదే. మామూలుగా ఫిడేలు వాయించేవారు తీగలను లావు నుంచి సన్నానికి జి, డి, ఏ, ఈ అని శ్రుతి చేస్తారు. కానీ ఓల్డ్-టైమ్ అనే పాత శైలిలో ‘ఏ’ (A) అనే శ్రుతిలోని పాటలకు చాలామంది లావు తీగలు రెంటినీ పెంచి ఏ, ఈ, ఏ, ఈ చేసుకుంటారు. మీరు సా-పా-సా-పా అని పెట్టుకునేది అచ్చంగా ఇదే. అందుకే ఆ పక్క తీగ నిరంతరంగా మోగుతూ ఆధార శ్రుతిలా నిలిచే నాదం మీ చెవికి వెంటనే సొంతమనిపిస్తుంది. వరుసలు కూడా అంతే: మోహనం స్వరాల్లో నడిచేవి అనేకం ఉన్నాయి, హరికాంభోజి స్వరాల్లో, శంకరాభరణం స్వరాల్లో నడిచేవీ ఉన్నాయి.

కష్టమైనది చేయి మార్చుకోవడం. గమకాన్ని ఎడమచేతి ఊగిసలాటగా నేర్చుకున్నారు, ఫిడేలు వాదనలో అందం మాత్రం ఎక్కువగా కమానులో ఉంటుంది. నాట్యానికి పుట్టిన సంగీతం కనుక కుడిచేయి ఎప్పుడూ తాళం నడపాలి, ఎడమచేయి స్వరాన్ని కాస్త జార్చి వదిలితే చాలు. పాట రెండు భాగాలుగా ఉంటుంది, ఒక్కో భాగాన్ని రెండేసి సార్లు వాయించి, మొత్తాన్ని పదిసార్లో పదిహేనుసార్లో తిప్పుతారు. ఈ ఆవృత్తమే కొత్తవారికి పాఠశాల, ఐదో ఆవృత్తానికి వరుస చెవికెక్కుతుంది, ఎనిమిదో ఆవృత్తానికి వేలికి వస్తుంది. నేల మీద కూర్చుని వాయించే అలవాటుంటే అలాగే కూర్చోండి, ఎవరూ అభ్యంతరం చెప్పరు.

మర్యాదలు కొన్నే. ముందుగా ఆ జామ్ ఏ శైలిదో ఫోన్ చేసి కనుక్కోండి, ఎందుకంటే ఓల్డ్-టైమ్‌లో అందరూ ఒకే వరుసను కలిసి వాయిస్తారు, బ్లూగ్రాస్‌లో ఒక్కొక్కరికి వంతు వస్తుంది, వద్దనుకుంటే తల అడ్డంగా ఊపితే పక్కవారికి వెళుతుంది. మొదటిరోజు వలయానికి వెలుపలి కుర్చీలో కూర్చుని తక్కువ ధ్వనితో వాయించండి. పాటకూ పాటకూ మధ్య శ్రుతి పెంచేటప్పుడు పాత తీగలైతే తెగవచ్చు కాబట్టి ముందే కొత్తవి వేయించుకోండి. చాలా శాలల్లో నెలకొకసారి స్లో జామ్ అని కొత్తవారి కోసం వేగం తగ్గించి వాయించే సమావేశం ఉంటుంది. మీ శాలలో ఉందేమో అడిగి, ముందు దానికే వెళ్లండి, రెండు వరుసలు నేర్చుకున్నాక ఆదివారం మధ్యాహ్నాలకు మారవచ్చు.