ఎల్క్ వేటకు మొదటి రైఫిల్: ఏ కార్ట్రిడ్జ్ కొనాలి?

సందేహం: అన్నా, డాలస్‌లో ఉంటున్నాను, హెచ్-1బి. ఆఫీసు స్నేహితులు ఈసారి కొలరాడోకి ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకి రమ్మంటున్నారు. 600, 700 గజాల నుంచి కొట్టాలంటే కార్ట్రిడ్జ్ (తూటా రకం) ఏది తీసుకోవాలి, .300 విన్ మాగ్ మంచిదా, 7 ఎం.ఎం. పీఆర్‌సీ మంచిదా? వాటికంటే చిన్నదైన 6.5 క్రీడ్‌మోర్ అస్సలు చాలదంటున్నారు.

తమ్ముడూ, ముందు వీసా సంగతి చూసుకో. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధించింది. మనకు పనికొచ్చే మినహాయింపు, ఇక్కడి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అది చేతికి రాకముందు రేంజ్‌లో (కాల్పులు సాధన చేసే చోట) అద్దె రైఫిల్ పట్టుకున్నా, స్నేహితుడి రైఫిల్‌తో నాలుగు రౌండ్లు కాల్చినా చిక్కే. కేసు పడితే ఈ దేశంలో ఉండటానికే ఎసరు వస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు.

కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్స్ తీసుకోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పూర్తిచేసి ఉండాలి. ఏదో సర్టిఫికెట్ కోసమన్నట్టు కానివ్వకు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేర్పే పెద్దలు ఇళ్లలో లేకుండా పోయారు. ఇక్కడి పిల్లలు నాన్నల వెంట తిరిగి నేర్చుకునేది మనం ఆ క్లాసులోనే నేర్చుకోవాలి.

ఇక కార్ట్రిడ్జ్. ఎల్క్‌కి కొలరాడో చట్టం అడిగేది కనీసం .24 కాలిబర్ (బుల్లెట్ వ్యాసం, అంగుళాల్లో), 85 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్ల శక్తి. నువ్వు చెప్పిన మూడూ ఇందులో సులువుగా పాసవుతాయి. వేటగాళ్లు వాడుకలో పెట్టుకున్న కొలత ఇంకాస్త గట్టిది: బుల్లెట్ ఎల్క్‌ని తాకేటప్పుడు 1500 ఫుట్-పౌండ్లు ఉండాలంటారు. 6.5 క్రీడ్‌మోర్‌లో 143 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 2700 అడుగుల వేగంతో బయల్దేరితే గొట్టం దగ్గర శక్తి సుమారు 2300 ఫుట్-పౌండ్లు ఉంటుంది, 400 గజాలకు వచ్చేసరికి 1500 అంచున నిలుస్తుంది. .300 విన్ మాగ్‌లో 200 గ్రెయిన్ల బుల్లెట్ 3600 ఫుట్-పౌండ్లతో మొదలై 600 గజాలు దాటాక కూడా 1500 పైనే ఉంటుంది. 2022లో వచ్చిన 7 ఎం.ఎం. పీఆర్‌సీ కూడా దాదాపు అంతే. కాగితం మీద నీ స్నేహితుల మాట నిజం.

అయినా మొదటి రైఫిల్‌గా ఆ రెండూ వద్దనే నా సలహా. కాల్చగానే విన్ మాగ్ రైఫిల్ భుజాన్ని వెనక్కి తన్నే దెబ్బ క్రీడ్‌మోర్‌కి దాదాపు రెట్టింపు. కొత్తవాడి ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కబోతుంటేనే కన్ను మూసుకుంటుంది, భుజం ముందుకు తోస్తుంది. గురి అక్కడే పోతుంది. పైగా 500 గజాల దూరం వెళ్లడానికి బుల్లెట్‌కి అరసెకను పైనే పడుతుంది. ఆలోగా ఎల్క్ ఒక అడుగు వేస్తే ఊపిరితిత్తులకు తగలాల్సింది పొట్టకి తగులుతుంది. గంటకు పది మైళ్ల అడ్డగాలి ఆ దూరంలో బుల్లెట్‌ని అడుగు పైనే పక్కకి నెడుతుంది, విన్ మాగ్‌నైనా సరే. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మనం అన్నం తినే పళ్లెం కంటే కాస్త పెద్దది, అంతే. పొట్టలో దెబ్బ తిన్న ఎల్క్ లోయలు దాటి పారిపోయి గంటల తరబడి బాధపడి చస్తుంది. దాన్ని వెతికి పట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

అందుకే ఈ ఏటికి నీ హద్దు 300 గజాలని పెట్టుకో. ఆ హద్దులో .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ తీసుకో. 1906 నుంచి ఉన్నది, 180 గ్రెయిన్ల బుల్లెట్‌తో ఎల్క్‌కి నిండుగా సరిపోతుంది. దాని తూటా కొండల్లోని చిన్న ఊరి దుకాణంలోనూ దొరుకుతుంది. సామాను దారిలో తప్పిపోయినప్పుడు ఆ విలువ తెలుస్తుంది. దాని దెబ్బ కూడా ఎక్కువనిపిస్తే క్రీడ్‌మోరే కొను, 300 లోపు చాలు.

కార్ట్రిడ్జ్ పేరు కంటే లోపలి బుల్లెట్ మీద ఎక్కువ దృష్టి పెట్టు. ఎల్క్ భుజం ఎముక గట్టిది. తాకగానే ముక్కలయ్యే టార్గెట్ బుల్లెట్లు దీనికి పనికిరావు. ముక్కలవకుండా లోపలికి దిగే నోస్లర్ పార్టిషన్ గానీ, బార్న్స్ వాళ్ల పూర్తి రాగి బుల్లెట్ గానీ తీసుకో. ఎప్పుడైనా కాలిఫోర్నియాలో వేటాడితే అక్కడ 2019 జులై 1 నుంచి వేటకి సీసం తూటాలు నిషేధం, రాగి లాంటి సీసం లేనివే వాడాలి.

విన్ మాగ్‌కి పెట్టే అదనపు డబ్బు తూటాలకి పెట్టి వేసవంతా కాల్చు. బెంచీ మీద కూర్చుని మాత్రమే కాదు. మోకాళ్ల మీద, పడుకుని, బ్యాగు ఆనించుకుని, కాస్త పరుగెత్తి ఆయాసంతోనూ కాల్చు. పళ్లెమంత కాగితంలో వరసగా ఎంత దూరం నుంచి పడుతున్నాయో అదే నీ అసలు హద్దు, 200 అయితే 200. డాలస్‌లో జీరో చేసిన (గురి సరిచేసిన) రైఫిల్‌ని కొలరాడోలో మళ్లీ ఒకసారి కాల్చి చూసుకో. తొమ్మిది, పది వేల అడుగుల ఎత్తున గాలి పలచగా ఉండి బుల్లెట్ కాస్త పైకి తగులుతుంది. నడుం పైన 500 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ ఫ్లోరోసెంట్ రంగు కనపడాలి, తలమీద కూడా.

ఇంకో మాట. వేటకి, రేంజ్‌కి వాడిన బ్యాగుతో ఇండియా విమానం ఎక్కకు. అరల్లో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు. ఆ బ్యాగు గ్యారేజీలో రైఫిల్ సేఫ్ పక్కనే ఉండనీ.